తడిమి చూసే చేతులు: రాకూన్ స్పర్శజ్ఞానం అర్థమైన తీరు

ఉత్తర అమెరికా అడవుల్లో, చిత్తడి నేలల్లో, వాగుల ఒడ్డున బతికే రాకూన్ అనే జంతువుకు స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్ 1758లో పెట్టిన పేరు ఉర్సస్ లోటర్. లాటిన్‌లో ఉర్సస్ అంటే ఎలుగుబంటి, లోటర్ అంటే కడిగేది. మొదటి మాట ఎంతో కాలం నిలవలేదు. 1780లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గాట్లీబ్ స్టోర్ ఈ జంతువును ఎలుగుల నుంచి విడదీసి ప్రోసియాన్ అనే కొత్త ప్రజాతిలో చేర్చాడు. రెండో మాట మాత్రం ప్రోసియాన్ లోటర్ అన్న జంటపేరులో నేటికీ కొనసాగుతోంది. దొరికిన తిండిని నీళ్ళలో ముంచి, రెండు చేతుల మధ్య పెట్టి రుద్దే అలవాటును చూసినవారు అది శుభ్రత కోసం చేసే పని అనుకోవడం వల్ల వచ్చిన పేరు అది. ఆ చేతులు తమకు అందినదేమిటో తెలుసుకునే పనిలో ఉన్నాయని శాస్త్రం తేల్చడానికి ఇంచుమించు రెండు వందల ఏళ్ళు పట్టింది. ఇంత ఆలస్యం ఎందుకు జరిగిందని వెతికితే, మనుషులు జ్ఞానానికి మూలంగా కంటిచూపుకు వేసిన పెద్దపీటను స్పర్శకు వేయకపోవడం, అడవిలో బతికే ప్రాణిని బోనులో పెట్టి చూసి దాని స్వభావాన్ని నిర్ణయించడం అనే రెండు కారణాలు ప్రధానంగా కనిపిస్తాయి.

పిల్లి కంటే కొంత పెద్దదైన ఈ జంతువుకు కళ్ళ చుట్టూ ముసుగు కట్టినట్టు నల్లని పట్టీ, తోక మీద నల్లని వలయాలు ఉంటాయి గనుక చూసినవారి దృష్టి మొదట వాటి మీదే పడుతుంది. దాని బతుకుతెరువు మాత్రం ముంగాళ్ళలో ఉంది. ఒక్కో ముంగాలికి ఐదేసి వేళ్ళు ఉండి, వాటి మధ్య పొర లేకపోవడం వల్ల దేనికదిగా విచ్చుకుంటాయి. అరచేతి వైపు చర్మం వెంట్రుకలు లేకుండా నున్నగా ఉంటుంది. గోళ్ళకు పైన, పిల్లి మీసాల వంటి స్పర్శ వెంట్రుకలు ఉంటాయి. అయితే బొటనవేలు మనిషి బొటనవేలిలా మిగతా వేళ్ళకు ఎదురుగా తిరగదు కాబట్టి, ఒక చేత్తో గట్టిగా పట్టుకోలేనిదాన్ని రాకూన్ రెండు అరచేతుల మధ్య ఇమిడ్చి అటూ ఇటూ దొర్లిస్తుంది. చీకటి పడ్డాక వాగు ఒడ్డున నిలబడి, రెండు చేతులూ నీటిలోని రాళ్ళ సందుల్లోకి చాపి, రొయ్యకు దూరపు చుట్టమైన క్రేఫిష్ కోసం, కప్పల కోసం, నత్తల కోసం వెతికేటప్పుడు దాని చూపు నీటి మీద ఉండదు. తల పైకెత్తి ఎటో చూస్తూ ఉంటుంది, వేళ్ళు మాత్రం నీటి అడుగున క్షణం ఆగకుండా కదులుతూ రాయినీ, పుల్లనీ, ప్రాణమున్నదానినీ వేరు చేస్తూ పోతాయి.

ఈ జంతువుతో తరతరాలుగా కలిసి బతికిన ఆదివాసీ జాతులు దాని చేతులనే గుర్తు పెట్టుకున్నాయి. 1607లో వర్జీనియా తీరాన జేమ్స్‌టౌన్ అనే స్థావరాన్ని ఏర్పరచుకున్న ఆంగ్లేయులలో ఒకడైన కెప్టెన్ జాన్ స్మిత్, పౌహాటన్ ప్రజల నోట విని తన రాతల్లోకి ఎక్కించిన మాటే రూపం మారి రాకూన్ అయింది; చేతులతో గీరేది అని దానికి అర్థం చెబుతారు. మెక్సికోలో వాడుకలో ఉన్న మపాచే అనే పేరు కూడా అన్నిటినీ చేతుల్లోకి తీసుకునేది అన్న అర్థం గల నహువాట్ల్ మాట నుంచి వచ్చిందే. జర్మన్, ఇటాలియన్, జపనీస్ భాషల్లో దీనికి స్థిరపడినవి మాత్రం కడిగే ఎలుగు అన్న అర్థమిచ్చే పేర్లు. మొదటి రకం పేర్లు పెట్టినవారు ఆ ప్రాణిని దాని నెలవులోనే చూశారు. రెండో రకం పేర్లు పెట్టినవారి ముందున్నది ఒక బోను, అందులో ఒక నీళ్ళ తొట్టి.

లినేయస్ చూసింది కూడా చెరలో ఉన్న జంతువునే. స్వీడన్ యువరాజు అడాల్ఫ్ ఫ్రెడ్రిక్ 1740ల నడుమ అతనికి ఒక రాకూన్‌ను కానుకగా ఇచ్చాడు. ష్యుప్ అనే పేరుతో అది ఉప్సాలాలో లినేయస్ దగ్గర పెరిగింది. గుడ్లు, బాదంపప్పు, ఎండుద్రాక్ష, చక్కెర, పళ్ళు దానికి ప్రాణమనీ, వెనిగర్ కలిసిన పదార్థాలనూ చేపలనూ దగ్గరికి రానిచ్చేది కాదనీ లినేయస్ ఎంతో ఇష్టంగా నమోదు చేశాడు. వాగుల్లోని నీటిజీవులను పట్టి బతికే జాతికి చెందిన జంతువు చేపను తిరస్కరించడం దాని పెంపకం ఎంత అసహజమైనదో చెబుతుంది. ఒక కుక్క బారిన పడి అది చనిపోగా, లినేయస్ దాని శరీరాన్ని కోసి పరీక్షించి, 1747లో స్వీడన్ శాస్త్ర అకాడమీ పత్రికలో వివరమైన వర్ణన ప్రచురించాడు. అప్పటికి అతను దాన్ని పొడవాటి తోక గల ఎలుగుగా మాత్రమే వర్ణించాడు. కడిగేది అన్న విశేషణం 1758 నాటి గ్రంథంలోకి వచ్చింది. ఒకే ఒక్క పెంపుడు జంతువును ఆధారం చేసుకున్నా ఆ వర్ణన శ్రద్ధగా చేసినదే. లోపమంతా ఆ అలవాటుకు కల్పించిన కారణంలో ఉంది.

లినేయస్‌కు సమకాలికుడూ, చాలా విషయాల్లో ప్రత్యర్థీ అయిన ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫాన్ కూడా ఒక రాకూన్‌ను పెంచి, అది రొట్టెను నీళ్ళ పాత్రలో వేసి బాగా నానిన తరవాతే బయటికి తీసేదని గమనించాడు. బ్యూఫాన్‌కు కనిపించింది నానబెట్టడం, లినేయస్‌కు కనిపించింది కడగడం. ఒకే చర్యకు ఇద్దరు పెద్దలు రెండు వేర్వేరు ప్రయోజనాలను ఊహించారంటే, ఆ చర్యలో చూపుకు అందే భాగం తక్కువగా ఉందనే అర్థం. కాలక్రమంలో మూడో వివరణ కూడా పుట్టింది: రాకూన్‌కు లాలాజల గ్రంథులు లేవనీ, మింగడానికి వీలుగా తిండిని తడుపుకుంటుందనీ అన్నారు. శరీరాన్ని కోసి చూస్తే ఆ గ్రంథులు ఉన్నట్టు తేలుతుంది. అయినా ఆ మాట పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతూ ఇరవయ్యో శతాబ్దం దాకా బతికింది.

ఇన్ని వివరణల్లో ఒక్కటి కూడా స్పర్శ వైపు మళ్ళకపోవడానికి ఆనాటి ఆలోచనా వాతావరణం కొంత కారణం. స్పర్శ సూక్ష్మతలో మనిషి మిగతా ప్రాణులన్నిటినీ మించినవాడనీ, అతని తెలివికి అదే మూలమనీ అరిస్టాటిల్ చెప్పిన మాట యూరప్ చదువుల్లో లోతుగా పాతుకుపోయింది. వాసనలో కుక్కకు, చూపులో గద్దకు పైస్థానం ఇవ్వడానికి సంకోచించని పండితులు, చేత్తో తెలుసుకునే శక్తిని మాత్రం మనిషి సొంతంగానే భావించారు. 1834లో లైప్‌జిగ్‌లో ఎర్నెస్ట్ వేబర్ స్పర్శను కొలవడం మొదలుపెట్టినప్పుడు కూడా మనిషి చర్మమే ప్రయోగస్థలమైంది. వృత్తలేఖిని రెండు మొనలను చర్మానికి ఆనించి, అవి ఎంత దగ్గరైతే ఒకే మొనగా తోస్తాయో చూసి, వేలికొసల సూక్ష్మత వీపుకు లేదని అతను నిరూపించాడు. జంతువును ఇలా అడిగి తెలుసుకునే మార్గం అప్పటికి లేదు.

ఇదే కాలంలో అమెరికాలో రాకూన్ చేతుల సంగతి పూర్తిగా తెలిసిన వర్గం ఒకటి ఉంది. వారు వేటగాళ్ళు, ఉచ్చులు పన్నేవారు. రాకూన్ తోలు వలస కాలం నుంచీ వర్తక వస్తువు. 1920లలో కళాశాల యువకుల మధ్య రాకూన్ బొచ్చుకోటు ఒక వేలంవెర్రి అయితే, 1950ల నడుమ డేవీ క్రాకెట్ టెలివిజన్ కథల పుణ్యమా అని పిల్లల తలల మీద రాకూన్ తోక టోపీ వెలిసింది. ఈ గిరాకీని తీర్చినవారు రాత్రిళ్ళు వేటకుక్కలతో చెట్ల మీదికి తరమడంతో పాటు, వాగు ఒడ్డున లోతులేని నీటిలో ఉచ్చులు పెట్టేవారు. కంటికి కనబడని సందులోకి చెయ్యి పెట్టి తడమకుండా రాకూన్ ఉండలేదన్న ఎరుక మీదే ఆ ఉచ్చులు ఆధారపడ్డాయి. నేటికీ వాడుకలో ఉన్న ఒక రకం ఉచ్చు చెయ్యి మాత్రమే పట్టేంత ఇరుకైన గొట్టం. అందులో మూతి పెట్టే కుక్కకు ఏమీ కాదు, వేళ్ళు పెట్టి వెతికే రాకూన్ చిక్కుకుపోతుంది. ఒక ప్రాణికి అన్నం పెట్టే నేర్పునే దాన్ని పట్టే ఉచ్చుగా మార్చిన ఈ జ్ఞానం ఎంత క్రూరమైనదైనా, అది సరైన జ్ఞానమే. విశ్వవిద్యాలయాలు చాలా ఆలస్యంగా చేరుకున్న నిర్ణయానికి వాగు ఒడ్డు మనుషులు ముందే చేరుకున్నారు.

విశ్వవిద్యాలయాల్లో రాకూన్ ప్రవేశం 1907లో జరిగింది. అంతకు తొమ్మిదేళ్ళ ముందు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను గడియ పెట్టిన పెట్టెల్లో ఉంచి, అవి తప్పుతూ తడబడుతూ యాదృచ్ఛికంగానే బయటపడటం నేర్చుకుంటాయని ప్రకటించగా, ఆ నిర్ణయం అన్ని జంతువులకూ వర్తిస్తుందా అన్న ప్రశ్న తలెత్తింది. క్లార్క్ విశ్వవిద్యాలయంలో హెచ్. బి. డేవిస్ రాకూన్ల ముందు 13 రకాల తాళాలు, గడియలు పెట్టాడు. వాటిలో 11 రకాలను అవి పదిలోపు ప్రయత్నాల్లోనే తీయగలిగాయి. గడియల వరసను మార్చినా, తలకిందులు చేసినా పెద్దగా ఇబ్బంది పడలేదు. అదే ఏడాది ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో లారెన్స్ కోల్ ఇంకా సాహసమైన వాదన చేశాడు. జంతువు చేతులను తాను పట్టుకుని గడియ మీద ఆడించి చూపితే, పిల్లి నేర్చుకోలేని పనిని రాకూన్ నేర్చుకుందనీ, దాని మనసులో వస్తువుల ప్రతిబింబాలు నిలుస్తాయనీ అతను రాశాడు. అక్షరాభ్యాసంలో పిల్లవాడి చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించే పద్ధతికి ఇది చాలా దగ్గర. చేతి గుండా మనసుకు దారి ఉందన్న ఊహ ఇందులో ప్రయోగ రూపం దాల్చింది.

ఈ వాదాన్ని తేల్చడానికి షికాగోలో వాల్టర్ హంటర్ రూపొందించిన పద్ధతి 1913లో వెలువడింది. మూడు ద్వారాల్లో తిండి ఉన్నదాని దగ్గర దీపం వెలిగించి ఆర్పేసి, కొంత సేపు ఆపి, ఆ తరవాత జంతువును వదిలేవారు. ఎలుకలూ కుక్కలూ ఆ విరామంలో తమ శరీరాన్ని సరైన ద్వారం వైపే తిప్పి ఉంచితేనే గుర్తుంచుకోగలిగాయి. రాకూన్లు అలాంటి ఆసరా లేకుండానే 25 సెకన్ల వరకు ఆగి సరైన ద్వారాన్ని ఎంచుకోగలిగాయి. ఇంత మంచి ఫలితాలు వచ్చినా రాకూన్ ప్రయోగశాలలో నిలదొక్కుకోలేదు. జంతువుల మనసు గురించి మాట్లాడటమే అశాస్త్రీయమన్న ప్రవర్తనావాదం అప్పుడే అమెరికన్ మనస్తత్వశాస్త్రాన్ని ఆక్రమించుకుంటోంది. పైగా ప్రతి గడియనూ విప్పి బోను దాటిపోయే జంతువు కంటే, పెట్టినచోట ఉండి త్వరగా పిల్లలను కనే తెల్ల ఎలుక పరిశోధకులకు ఎంతో అనుకూలం. రాకూన్‌ను పరిశోధనకు తగినదిగా చేసిన చేతులే దాన్ని పరిశోధనశాల నుంచి బయటికి పంపించాయి. మనస్తత్వశాస్త్రం ఆ తరవాత అర్ధశతాబ్దం పాటు ఎలుక ప్రవర్తన మీద సిద్ధాంతాలు కట్టుకోవడం వల్ల ఆ శాస్త్రానికి కలిగిన నష్టం చిన్నది కాదు.

ఆ నష్టం ఎలాంటిదో 1961లో ఒక వింత దిశ నుంచి బయటపడింది. ప్రవర్తనావాదానికి మహా ప్రవక్త అయిన బి. ఎఫ్. స్కిన్నర్ శిష్యులు కెల్లర్ బ్రెలాండ్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు ఆర్కన్సా రాష్ట్రంలో జంతువులకు ప్రదర్శనల కోసం శిక్షణ ఇచ్చే సంస్థ నడిపేవారు. బహుమతిగా తిండి దొరికితే ఏ జంతువైనా ఏ పనైనా నేర్చుకుంటుందన్న గురువు సూత్రాన్ని నమ్మి, వారు ఒక రాకూన్‌కు నాణేన్ని తీసి లోహపు డబ్బాలో వేయడం నేర్పారు. ఒక్క నాణెంతో పని కొంత నడిచింది. రెండు నాణేలు చేతికిచ్చేసరికి అది వాటిని డబ్బాలో వదలకుండా, ఒకదానితో ఒకటి రుద్దుతూ, డబ్బాలోకి ముంచి మళ్ళీ పైకి తీస్తూ, క్షణాలు నిమిషాలైనా చేతిలో పట్టుకునే ఉండిపోయింది. వదిలితేనే తిండి వస్తుందని తెలిసిన జంతువు వదలలేకపోయింది. క్రేఫిష్ పెంకును ఒలిచే కదలికలే అవి. శిక్షణ ఎంత గట్టిదైనా ప్రవర్తన చివరికి జాతి సహజమైన తిండివేట తీరులోకి జారిపోతుందని బ్రెలాండ్ దంపతులు అమెరికన్ మనస్తత్వశాస్త్ర పత్రికలో రాసి, దానికి సహజప్రవృత్తి వైపు జారుడు అని పేరు పెట్టారు. రాకూన్ వేళ్ళ చలనం తిండికి ముందు జరిగే ఒక తంతు కాదనీ, దాని నాడీవ్యవస్థలో పాతుకున్న అన్వేషణ పద్ధతి అనీ ఆ నాణేలు చూపించాయి.

నాడీవ్యవస్థలో అది ఎక్కడ పాతుకుందో చూపే పని అప్పటికే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో మొదలైంది. మెదడులో శరీరపు పటం ఉందన్న భావన 1930ల నుంచి రూపు దిద్దుకుంటోంది: కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ శస్త్రచికిత్స సమయంలో మెలకువగా ఉన్న రోగుల మెదడు పైపొరను విద్యుత్తుతో ప్రేరేపించి, ఏ చోటు శరీరంలో ఏ భాగానికి చెందినదో గుర్తించాడు, ఇంగ్లండులో ఎడ్గార్ అడ్రియన్ పంది మెదడులో ముట్టెకు దక్కిన అపారమైన స్థలాన్ని చూపాడు. ఏ ప్రాణి ఏ అవయవంతో లోకాన్ని తెలుసుకుంటుందో ఆ అవయవానికి మెదడులో ఎక్కువ చోటు దొరుకుతుందన్న సూత్రం అలా స్పష్టమవుతూ వచ్చింది. 1948లో మాడిసన్ చేరిన క్లింటన్ వూల్సీ ఈ పటాల తయారీని ఒక క్రమబద్ధమైన పనిగా మార్చాడు. మత్తులో ఉన్న జంతువు చర్మం మీద ఒక బిందువును సున్నితంగా తాకుతూ, కార్టెక్స్ అనే మెదడు పైపొర మీద సన్నని విద్యుదగ్రాన్ని ఆనించి, ఆ తాకిడికి ఏ చోట విద్యుత్ స్పందన పుడుతుందో నమోదు చేయడం, ఆ పనిని వందల బిందువుల దగ్గర తిరిగి చేయడం ఆ పద్ధతి.

మాడిసన్‌లోనే పనిచేసిన వాలీ వెల్కర్ ఈ పద్ధతిని రాకూన్‌కు వర్తింపజేసి, సైడెన్‌స్టైన్ అనే సహచరుడితో కలిసి 1959లో ఫలితాలు ప్రచురించాడు. శరీర స్పర్శను గ్రహించే ప్రాంతంలో చేతికి దక్కిన భాగం అన్ని అంచనాలనూ మించింది. ఆ చేతిలోనూ వెంట్రుకలున్న వెనక వైపుకు కొద్దిపాటి చోటు, నున్నటి అరచేతి వైపుకు దాదాపు చోటంతా దక్కింది. అంతకంటే ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉంది. మెదడు పైపొర మడతలు మడతలుగా ఉండి, మడతల మధ్య గాడులు ఉంటాయి. రాకూన్‌లో ఒక్కో వేలికి, అరచేతి మెత్తలకు విడివిడిగా చిన్న మడతలు ఏర్పడి, ఒక వేలి భాగాన్ని పక్క వేలి భాగం నుంచి గాడి వేరు చేస్తోంది. అంటే విద్యుత్ పరికరాలు లేకుండా కంటితో చూసినా, ఇది చూపుడువేలి తావు, ఇది చిటికెనవేలి తావు అని మెదడు మీద వేలు పెట్టి చూపవచ్చు. అంతవరకు శరీరశాస్త్రజ్ఞులు గాడులను పుర్రె ఇరుకుదనం వల్ల ఏర్పడిన ముడతలుగానో, గుర్తులుగా మాత్రమే పనికివచ్చే గీతలుగానో భావించేవారు. వాటికి పని పరంగా సరిహద్దుల విలువ ఉండగలదని రాకూన్ చెయ్యి చూపించింది.

1963లో వెల్కర్, కాంపోస్ కలిసి రాకూన్ కుటుంబంలోని ఇతర జంతువులకు ఈ పరిశీలనను విస్తరించారు. పొడవాటి ముక్కుతో నేలను కెలికి పురుగులను ఏరుకునే కోఆటి అనే దక్షిణ అమెరికా జంతువులో చేతికి పెద్ద చోటు లేదు, ముఖానికీ ముక్కుకూ ఉంది. ఒకే వంశంలో పుట్టిన రెండు జాతులు, ఒకటి చేతితో మరొకటి ముక్కుతో జీవించడం వల్ల, రెండు భిన్నమైన మెదడు పటాలను సంతరించుకున్నాయి. వెల్కర్ సహచరులు జాన్సన్, ప్యూబోల్స్ తరవాతి రెండేళ్ళలో మెదడు పైపొర నుంచి కిందికి దిగి, నడుమ ఉండే థాలమస్ అనే కేంద్రంలోనూ, చేతి నుంచి వెన్నుపాములోకి వచ్చే నాడీతంతువుల్లోనూ ఇదే పెంపును కనుగొన్నారు. చర్మం దగ్గరి కథను అప్పటికే జోల్‌మన్, వింకెల్‌మన్ అనే పరిశోధకులు 1962లో మొదలుపెట్టారు: వేళ్ళ లోపలి చర్మంలో, ఒత్తిడినీ అంచులనూ పసిగట్టే మెర్కెల్ కణాల వంటి గ్రాహకాలు, అంటే స్పర్శను నాడీ సంకేతంగా మార్చే సూక్ష్మ నిర్మాణాలు, దట్టంగా అమరి ఉంటాయి. వేలికొస నుంచి మెదడు పైపొర దాకా ప్రతి మెట్టులోనూ చేతికే అగ్రస్థానం దక్కిన ఈ చిత్రం పూర్తయ్యేసరికి, రాకూన్ మెదడులో ఇంద్రియ జ్ఞానానికి కేటాయించిన కార్టెక్స్‌లో మూడింట రెండు వంతులకు దగ్గరగా స్పర్శదేనన్న అంచనా వెలువడింది.

ఈ పరంపరలో 1963కు ఒక ప్రత్యేకత ఉంది. వెల్కర్, కాంపోస్‌ల పరిశోధన వచ్చిన ఆ ఏడాదే జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో బెర్న్‌హార్డ్ రెన్ష్, గెర్టి డ్యూకర్ ఒక రాకూన్ తాకి చూసి వస్తువుల మధ్య తేడాలను ఎలా నేర్చుకుంటుందో పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. అదే ఏడాది లండన్‌లో మాల్కమ్ లయల్-వాట్సన్ అనే దక్షిణాఫ్రికా యువకుడు, కడగడం అన్న పాత నమ్మకాన్ని మొదటిసారి పద్ధతి ప్రకారం పరీక్షించి చూపాడు. బోనుల్లోని రాకూన్లకు మురికైన తిండినీ శుభ్రమైన తిండినీ, మాంసాన్నీ మొక్కల తిండినీ, నీటికి దగ్గరగానూ దూరంగానూ ఇచ్చి లెక్కలు తీయగా, తిండి మురికిగా ఉండటానికీ ముంచడానికీ సంబంధం కనబడలేదు. నీటి జీవులను పోలిన ఆహారాన్ని ఎక్కువగానూ, మొక్కల ఆహారాన్ని తక్కువగానూ ముంచాయి. నీరు దగ్గర్లో ఉంటే పదేపదే ముంచాయి. నీటి తావు వాగును పోలి ఉండి, 3 మీటర్ల లోపు దూరంలో ఉంటే ఈ అలవాటు ఎక్కువవుతుందన్న పరిశీలన కూడా దీనితో పొసగుతుంది. అడవిలో తిండిని ఇలా తెచ్చి ముంచడం చాలా అరుదు, ఎందుకంటే అక్కడ తిండి నీటిలోనే దొరుకుతుంది. బోనులో తిండి పళ్ళెంలోకి వచ్చి పడుతుంది, వెతికే పని లేదు; వెతకవలసిన చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. తగిన సందర్భం లేకపోయినా లోపలి ఒత్తిడి వల్ల బయటపడే ఇటువంటి చర్యను జంతు ప్రవర్తన శాస్త్రంలో శూన్య చర్య అంటారు. రాకూన్ తన తిండిని తీసుకెళ్ళి నీటిలో పడేసి, మళ్ళీ దాన్ని వేళ్ళతో వెతికి పట్టుకుంటుంది. రెండు శతాబ్దాలుగా శుభ్రత అనుకుంటూ మెచ్చుకున్న అలవాటు చాలావరకు చెరలో ఉన్న చేతులు పని కోసం పడిన తపన అని తెలిశాక, ఆ మెచ్చుకోళ్ళు చదవడం కష్టంగా ఉంటుంది.

అదే 1963లో స్టెర్లింగ్ నార్త్ బాల్యస్మృతుల పుస్తకం రాస్కల్ కూడా వెలువడింది. అది 1918 నాటి విస్కాన్సిన్ పల్లెలో ఒక పిల్లవాడు పెంచుకున్న రాకూన్ కథ. పంచదార బిళ్ళను ముంచి రుద్దగా అది కరిగి చేతుల్లో మాయమైపోతే ఆ ప్రాణి విస్తుపోయి వెతికే ఘట్టం లక్షల మంది పాఠకుల మనసుల్లో ముద్ర వేసింది. వెల్కర్ పటాలు గీస్తున్న రాష్ట్రంలోనే జరిగిన కథతో, అదే ఏడాది వచ్చిన ఈ పుస్తకం, కడిగే జంతువు అన్న పాత బొమ్మను శాస్త్రం చెరిపేస్తున్న సమయంలోనే దాన్ని ఇంకా ఆకర్షణీయంగా మళ్ళీ గీసింది. 1977లో జపాన్‌లో అది టెలివిజన్ యానిమేషన్‌గా రాగానే పిల్లలు రాకూన్లు కావాలని మారాం చేశారు, దిగుమతులు జరిగాయి, పెరిగి పెద్దవై చేతి దుడుకు చూపిన జంతువులను చాలామంది అడవుల్లో వదిలేశారు. నేడు అక్కడి పంటలకూ, పాత కొయ్య దేవాలయాలకూ అవి చేస్తున్న నష్టానికి మూలం అదే. 

మెదడు పటాల చరిత్రలో రాకూన్‌కు మరో అధ్యాయం 1980లలో వచ్చింది, అది చదవడానికి ఇబ్బంది కలిగించే అధ్యాయం. ఒక్కో వేలికి ఒక్కో మడత ఉండటం వల్ల, ఒక వేలిని తీసేస్తే దాని తావు ఏమవుతుందో స్పష్టంగా చూడవచ్చునని పరిశోధకులు భావించారు. కెనడాలో డగ్లస్ రాస్‌ముసన్ 1982లో ప్రచురించిన పరిశోధనలోనూ, జార్జియా రాష్ట్రంలో కెలహాన్, డెట్ష్ జరిపిన పరిశోధనలోనూ, ఎదిగిన రాకూన్లకు వేలు తొలగించిన కొన్ని నెలల తరవాత, ఆ వేలికి చెందిన మెదడు తావు పక్క వేళ్ళను తాకితే స్పందించడం కనిపించింది. ఎదిగిన మెదడు స్థిరంగా ఉండిపోతుందన్న నమ్మకాన్ని కదిలించిన సాక్ష్యాల్లో ఇవి ముఖ్యమైనవి. అవయవం కోల్పోయిన మనుషులకు లేని చేయి ఉన్నట్టు అనిపించడం ఎందుకో ఆలోచించడానికి కూడా ఇవి దారి చూపాయి. చేతులే కళ్ళుగా బతికే జంతువు చేతి నుంచి వేలిని తీసి సంపాదించిన జ్ఞానం ఇది. ఈ జ్ఞానపు విలువను చెప్పే ప్రతి పుస్తకంలోనూ దాని మూల్యం కూడా కనబడాలి.

రాకూన్ మీద జరిగిన పని ఇతర జంతువులను చూసే చూపును కూడా మార్చింది. 1968లో లియొనార్డ్ రాడిన్‌స్కీ నీటికుక్కల మెదళ్ళను పోల్చి, మీసాలతో, నోటితో చేపలను పట్టే జాతుల్లో ముఖానికి చెందిన భాగమూ, వేళ్ళతో బురదనూ రాళ్ళ సందులనూ వెతికే చిన్నగోళ్ళ జాతుల్లో చేతికి చెందిన భాగమూ పెరిగి ఉన్నాయని చూపాడు. భారతదేశంలో రాకూన్లు లేవు గానీ, పడమటి కనుమల వాగుల్లోనూ హిమాలయపు దిగువ లోయల్లోనూ చిన్నగోళ్ళ నీటికుక్క ఉంది. పీతల కోసం అది రాళ్ళ కింద చేతులు పెట్టి వెతికే తీరు, వేలాది మైళ్ళ దూరంలో, మరో కుటుంబంలో అదే నేర్పు స్వతంత్రంగా రూపొందిందనడానికి నిదర్శనం.

రాకూన్ చేతి నేర్పుకు హద్దులు ఎక్కడున్నాయో 1999లో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ఇవానియుక్, ఇయాన్ విషా పరిశీలించి, దాని వేళ్ళు కోతి వేళ్ళలా ఒక్కొక్కటిగా స్వతంత్రంగా పనిచేయవనీ, వస్తువును పట్టడంలో రెండు చేతుల సహకారమే దాని బలమనీ తేల్చారు. పట్టులో సామాన్యమైన ఈ చెయ్యి గ్రహింపులో అసామాన్యం కావడమే దాని విశేషం. 2017లో సుజానా హెర్కులానో-హూజెల్ బృందం మాంసాహార వర్గానికి చెందిన జంతువుల మెదళ్ళలో న్యూరాన్లను లెక్కించినప్పుడు, పిల్లి మెదడంత ఉన్న రాకూన్ మెదడు పైపొరలో కుక్కకు ఉన్నన్ని న్యూరాన్లు ఉన్నట్టు తెలిసింది.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా, కెనడా నగరాలు పెరిగి వాగులను కమ్మేయగా, రాకూన్లు నగరాలలోకే వచ్చి స్థిరపడ్డాయి. అక్కడ కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు కూడా రాత్రివేళ చెత్తడబ్బా దగ్గర ఇవి పరిచితమైన అతిథులే. టొరాంటో నగర పాలక సంస్థ 2016లో 3.1 కోట్ల కెనడా డాలర్ల వ్యయంతో తడిచెత్త కోసం కొత్త డబ్బాలను ఇంటింటికీ పంచింది. వాటి మూతకు తిప్పి తీసే గడియ అమర్చడం వెనక ఒక లెక్క ఉంది: బొటనవేలు ఎదురు తిరగని చెయ్యి ఆ పిడిని తిప్పలేదు. చాలా డబ్బాల విషయంలో ఆ లెక్క నిలిచింది. 2018 నాటికి కొన్ని రాకూన్లు డబ్బాను ముందుగా నేల మీద పడదోసి, పిడి తమ ఎత్తుకు వచ్చాక రెండు చేతులతో తడిమి తిప్పడం అక్కడి పత్రికల్లో వార్త అయింది. డేవిస్ గడియలను వరస మార్చి, తలకిందులు చేసి 111 ఏళ్ళ కిందట అడిగిన ప్రశ్నకు అవి అదే జవాబును, ఈసారి బోను బయట ఉండి ఇచ్చాయి.